లిబ్బీ జెలెంకా పెట్టిన పందుల పోటీ

మా వెల్నా ఊళ్ళో ఒక పంది హైస్కూలు వ్యవసాయం మాస్టారి ఉద్యోగం ఊడబెరికింది. ఆ మాస్టారు చుట్టుపక్కల జిల్లాలన్నిట్లో పేరున్నవాడు. పందికి అప్పటికి ఏ పేరూ లేదు.

సరే, కొంచెం తగ్గిస్తాను. పంది ఒకటి కాదు, నాలుగు. ఊడబెరికింది కూడా పందులు కావు, లిబ్బీ జెలెంకా. మాస్టారు తనంతట తానే రాజీనామా ఇచ్చాడని బడివాళ్ళంటారు, అదీ నిజమే అనుకోండి. మిగతాది మాత్రం నేను కళ్ళారా చూశాను. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని మఠం బడిలో సిస్టర్ పెర్పెటువా మమ్మల్ని భయపెట్టేది. అప్పట్నించీ రోజూ పొద్దున్నే అద్దంలో చూసుకుంటున్నాను. ఇంకా ఎర్రగానే ఉంది.

లిబ్బీ నాకు కూతురి వరస. వాళ్ళ నాన్నా నేనూ అన్నదమ్ముల పిల్లలం. ఆ రోజుల్లో నేను హైస్కూలు బస్సు నడిపేవాణ్ణి, బస్సు లేనప్పుడు బడి వెనక పశువుల కొట్టం చూసుకునేవాణ్ణి. నెబ్రాస్కాలో, చెక్ దేశం నుంచి వచ్చిన మాలాంటివాళ్ళ ఊళ్ళలో బడికి చర్చి లేకపోయినా ఫరవాలేదు గానీ, కొట్టం లేకపోతే బడే కాదు.

కథ ఆ కొట్టంలో మొదలవలేదు. జిల్లా సంతలో, పందుల బరిలో మొదలైంది. అప్పుడు లిబ్బీకి పదిహేనేళ్ళు. స్వయంగా సీసాతో పాలు పట్టి పెంచిన ఆడ పందిని చేతికర్రతో తోలుకుంటూ బరిలోకి వచ్చింది. మా పోటీల్లో న్యాయనిర్ణేత జంతువుల్ని ఒకటి నుంచి నాలుగు దాకా వరస పెడతాడు. పెట్టి ఊరుకుంటే కుదరదు. మైకు పట్టుకుని, ఎందుకలా పెట్టాడో కారణాలు అందరి ముందూ చెప్పాలి. కారణం చెప్పలేనివాడికి వరస పెట్టే హక్కు లేదు. అది మావాళ్ళ కట్టుబాటు.

ఆ ఏడు న్యాయనిర్ణేత మా హైస్కూలు వ్యవసాయం మాస్టారు ఎమెట్ వోండ్రా. బడి కమిటీ పెద్ద హోలుబ్ గారి పెద్దకొడుకు పందిని మొదట పెట్టి, దాని పొడుగు, దాని నడక, దాని వెన్ను గురించి పాట పాడినట్టు చెప్పాడు. లిబ్బీ పందిని చివర పెట్టాడు.

"ఈ నాలుగో దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు" అన్నాడు మైకులో. "దీన్ని తోలుకొచ్చిన పాప వచ్చే ఏడు కేకుల పోటీకి వస్తే మనకీ కాస్త తినడానికి ఉంటుంది."

బల్లల మీద కూర్చున్న జనమంతా పగలబడి నవ్వారు. లిబ్బీ ఏడవలేదు. పందిని తోలుకుని బయటికొచ్చింది. వాళ్ళ నాన్న "వదిలెయ్యమ్మా" అన్నాడు. జెలెంకాల ఇంట్లో ఏదైనా వదిలేసిన చరిత్ర నాకు తెలిసి లేదు. కక్షని వాళ్ళు వేటతుపాకీలా నూనె రాసి, గుడ్డ చుట్టి, అటక మీద పెట్టుకుంటారు.

ఏడేళ్ళు గడిచాయి. లిబ్బీ లింకన్ పట్నం వెళ్ళి వ్యవసాయం మాస్టారి చదువు చదివింది. ఆ చదువు చివర్లో ఒక హైస్కూల్లో పెద్ద మాస్టారి కింద కొన్ని నెలలు పాఠాలు చెప్పి, ఆయన చేత బాగా చెప్పిందనిపించుకుని సంతకం పెట్టించుకోవాలి. అది లేకపోతే ఉద్యోగం లేదు. ఎక్కడికి పోతావని కాలేజీవాళ్ళు అడిగితే, "వెల్నా. వోండ్రా సార్ దగ్గరికి" అందిట.

ఆ సంగతి విని వోండ్రా ఉబ్బిపోయాడు. "చూశావా, ఎంత దూరం పోయినా చివరికి నా దగ్గరికే వస్తారు" అన్నాడు నాతో. ఆ పిల్లకి సంతలో ఏం చేశాడో ఆయనకి గుర్తయినా లేదు. అదే లిబ్బీకి ఇంకా మండింది.

వచ్చిన మొదటి రోజే ఆమెకి తొమ్మిదో తరగతి అంటగట్టాడు. మధ్యాహ్నం భోజనాల తరవాత క్లాసు. సగంమంది ఆవలిస్తుంటారు, మిగతా సగం ఏదో ఒకటి విరగ్గొడుతుంటారు. తను వెనక బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆమె నోరు తెరిస్తే చాలు మధ్యలో అందుకునేవాడు.

"అమ్మాయ్, మట్టిని అలా పట్టుకుంటారా? పిండి కలుపుతున్నావా ఏమిటి?"

పిల్లలు నవ్వేవారు. ఆమె మట్టి కింద పెట్టి, "థాంక్స్ సార్" అనేది. ఆ థాంక్స్ వింటే నాకు జెలెంకాల అటక గుర్తొచ్చేది.

రెండోవారం పిల్లలు ఆమె లంచ్ డబ్బాని వెల్డింగ్ బల్లకి అతికించేశారు. చక్కగా, చుట్టూ ఒకే మందంలో. చేసింది డెన్నిస్ హోలుబ్, కమిటీ పెద్ద గారి చిన్నకొడుకు. లిబ్బీ వచ్చి చూసింది. వంగి అతుకుని వేలితో తడిమింది.

"వెల్డింగ్ బావుంది. ఎవరు చేశారు?"

అందరూ ఒక్కసారిగా పనిలో పడ్డారు.

"చెప్పకపోతే పోనీండి. పనితనాన్నిబట్టి చూస్తే డెన్నిస్ అయ్యుంటాడు, మీలో ఇంకెవరికీ చెయ్యి ఇంత నిలకడగా ఉండదు."

డెన్నిస్ పొంగిపోయి ఒప్పేసుకున్నాడు. ఆ వారమంతా లిబ్బీ తన భోజనం ఇంట్లోనే తినొచ్చింది. డెన్నిస్ చేత మాత్రం ఆ డబ్బాలోంచే, బల్ల పక్కన నిలబెట్టి, వాళ్ళమ్మ పంపిన భోజనం తినిపించింది. శుక్రవారం నాడు ఆకురాయి చేతికిచ్చి, గీత పడకుండా డబ్బాని ఊడదీయించింది. ఆ తరవాత ఆ కుర్రాడు ఆమె గీసిన గీత దాటలేదు.

ఆ క్లాసుకి ఆమె నేర్పినవాటిలో చెవి గంట్లు చదవడం ఒకటి. పందిపిల్ల పుట్టగానే చెవుల్లో చిన్న గంట్లు కొడతాం. కుడి చెవి చూస్తే ఏ ఈతలో, అంటే ఏ కాన్పులో పుట్టిందో, ఎడమ చెవి చూస్తే ఆ ఈతలో ఎన్నో పిల్లో తెలుస్తుంది. అట్టముక్కలతో చెవులు కత్తిరించి గంట్లు కొట్టించింది. తరవాత కొట్టానికి తీసుకొచ్చి నిజం పందుల మీద చదివించింది. మార్చి వచ్చేసరికి ఆ తొమ్మిదో తరగతివాళ్ళు కంచె అవతల నుంచే పంది చెవి చదివేవారు, మనం దారి పక్క బోర్డు చదివినట్టు.

మార్చిలో ఒక శనివారం తల్లిదండ్రుల రోజు. బడి కొట్టంలో పందుల పోటీ ఉంటుంది, వరస పెట్టేది వోండ్రా. ఏర్పాట్లు లిబ్బీకి అప్పగించాడు. ఆమె ఒక సాయంత్రం నా దగ్గరికొచ్చి తన పథకం చెప్పింది. నేను గడ్డి కట్ట మీద కూలబడ్డాను.

"సోమవారం కదే ఆయన నీకు సంతకం పెట్టాల్సింది?"

"అవును."

"పెట్టకపోతే?"

"మాస్టారు పని రాదు."

"ఒక్క రెండు రోజులాగు. సంతకం అయ్యాక ఏం కావాలంటే అది చెయ్యి."

"అయ్యాక చేస్తే దొంగదెబ్బ అవుతుంది బాబాయ్. ఆయన చేతిలో నన్ను కొట్టడానికి కర్ర ఉండగానే చెయ్యాలి. నువ్వు పౌడరు డబ్బాలు తే."

తెచ్చాను.

ఆ శనివారం కొట్టం నిండిపోయింది. పొద్దున మొదటి జట్టు నాలుగు తెల్ల ఆడ పందులు, ఒళ్ళంతా రంపంపొట్టు, మట్టి. తోలేవాళ్ళు నలుగురూ తొమ్మిదో తరగతివాళ్ళే. వాళ్ళలో డెన్నిస్ ఒకడు. పాల బండి తోలే కోవాందా కూతురు రోసాలీ ఒకతె. ఆ పిల్ల అక్క బూట్లు వేసుకుని వచ్చింది. వోండ్రా బరి మధ్యలో నిలబడి ఒక చుట్టు తిరిగాడు. వంగి చూడ్డం ఆయన మానేసి చాలా ఏళ్ళయింది. డెన్నిస్‌ది మొదట, రోసాలీది చివర.

"మొదటిది నిండుగా ఉంది, కాళ్ళు దూరంగా వేస్తోంది. ఈ చివరిది సన్న ఎముకది, బిగిసిపోయి నడుస్తోంది. దీన్ని మందలో ఉంచుకోవడం దండగ" అన్నాడు మైకులో.

కాఫీ, ప్లం జాము పెట్టిన కొలాచీ బన్నులు పంచారు. జనం తింటుంటే మేం వెనక గదిలో ఆ నాలుగు పందుల్నే కడిగాం. తుడిచాం. మంచు కురిసినట్టు పౌడరు కొట్టాం. వీపు మీద నంబర్లు చెరిపి కొత్తవి వేశాం. పొద్దున రోసాలీ తోలిన పందిని డెన్నిస్‌కి ఇచ్చి, డెన్నిస్ తోలినదాన్ని రోసాలీకి ఇచ్చింది లిబ్బీ.

"ఇష్టం లేకపోతే చెప్పరా" అంది డెన్నిస్‌తో. "మీ నాన్న ముందు వరసలో ఉన్నారు."

"నాకెప్పుడూ మొదటి బహుమతి రిబ్బనే ఎందుకొస్తుందో నాకు తెలీదనుకున్నారా మిస్?" అన్నాడు వాడు. "పదండి."

"రెండో జట్టు" అని ప్రకటించింది లిబ్బీ. అంతే, ఇంకో మాట చెప్పలేదు. వోండ్రా కొలాచీ చేత్తోనే బరిలోకొచ్చి, మళ్ళీ ఒక చుట్టు తిరిగాడు. డెన్నిస్‌ది మొదట. రోసాలీది చివర.

"పొద్దున జట్టుకీ దీనికీ పోలికే లేదు" అన్నాడు. "ఈ మొదటిది చూడండి, ఎంత గట్టి ఎముక, ఎంత హాయిగా నడుస్తోందో! మందకి తల్లిని చెయ్యాల్సింది ఇలాంటిదాన్నే. చివరిదా? నిలువుగా నిలబడటమే రావట్లేదు."

లిబ్బీ రెండో మైకు అందుకుంది. "చాలా చక్కగా చెప్పారు సార్. మా తొమ్మిదో తరగతి పిల్లలు చెవులు చదవడం నేర్చుకున్నారు. మీ ముందు చదివి వినిపిస్తారు."

"కానివ్వు, కానివ్వు" అన్నాడు వోండ్రా.

రోసాలీ వంగి డెన్నిస్ పంది చెవి పట్టుకుంది. "కుడి చెవి, పన్నెండో ఈత. ఎడమ చెవి, ఐదో పిల్ల." తలెత్తి తండ్రివైపు చూసింది. "ఇది పొద్దున నేను తోలిన పంది నాన్నా."

డెన్నిస్ రోసాలీ పంది చెవి పట్టుకున్నాడు. "పన్నెండో ఈత, రెండో పిల్ల. ఇది పొద్దున నాది. మొదటి రిబ్బన్ ఇంకా నా జేబులోనే ఉంది."

కూర్చున్నవాళ్ళంతా పందుల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు. ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. వెనక వరసలో ఎవరో ముసలమ్మ కిసుక్కుమంది.

"ఇది మోసం!" అన్నాడు వోండ్రా.

"అవును సార్" అంది లిబ్బీ. "పౌడరు నేనే వేయించాను. పందుల్ని మాత్రం మార్చలేదు. తోలే చేతుల్ని మార్చాను. దండగమారి పంది గంటలో మందకి తల్లి అయిపోయింది. ఎలా అయిందో కారణాలు చెప్పండి. మైకు మీ దగ్గరే ఉంది."

ఆయన కమిటీ పెద్ద వైపు చూశాడు. హోలుబ్ గారు తన బూట్ల వైపు చూసుకుంటున్నారు.

పాల బండి కోవాందా లేచి నిలబడ్డాడు. తలుపంత మనిషి. "చెప్పండి సార్, వింటున్నాం. మా అమ్మాయి పందికి నడక ఎప్పుడొచ్చిందో చెప్పండి."

"తొందరేం లేదు సార్" అంది లిబ్బీ. "సంతలో నా పందికి కూడా మీరు కారణం చెప్పలేదు. ఏడేళ్ళు ఆగాను. ఇంకో అయిదు నిమిషాలు ఆగలేనా? ఏం తోచకపోతే కేకుల గురించైనా చెప్పండి."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. ముఖం మీద నేను ఆ గుర్తు రావడం చూశాను. లిబ్బీ కూడా చూసింది. అది చూడ్డానికే ఆమె అన్నాళ్ళు "థాంక్స్ సార్" అంది. ఆయన మైకుని రంపంపొట్టులో పడేసి పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. జనం నవ్వు కారు దాకా వెంటబడింది.

సోమవారం సంతకం పెట్టలేదు. ఎందుకు పెడతాడు? "పెద్దల పట్ల గౌరవం లేదు" అని కాలేజీకి చెప్పాడు. కాలేజీవాళ్ళు ఆమెని పడమటి ఇసకదిబ్బల్లో, మనుషులకన్నా ఆవులెక్కువున్న ఒక ఊరికి పంపించి, పాఠాలన్నీ మళ్ళీ మొదట్నించి చెప్పమన్నారు. బస్సులో నేనే దించాను.

"ఏడాది పోయింది కదే" అన్నాను దారిలో.

"పోతే పోయింది."

"బాధ లేదా?"

"ఉంది. ఆయన ముఖాన్ని ఫోటో తీయించాల్సింది. నీకైనా తట్టలేదేం బాబాయ్?"

ఆ తరవాత ఏ సంతవాళ్ళూ వోండ్రాని పిలవలేదు. ధాన్యం కొట్టుకి పోతే అక్కడి కుర్రాళ్ళు ఒకేలాంటి రెండు మొక్కజొన్న బస్తాలు ముందు పెట్టి, "సార్, వీటిలో మొదటిదేదో చెప్పి పోండి" అనేవారు. కాఫీ హోటల్లో ఆయన గుడ్లు అడిగితే వడ్డించే పిల్ల రెండు గుడ్లు చూపించి, ఏది ముందు వేయించమంటారని అడిగింది. రెండేళ్ళు భరించాడు. తరవాత రాజీనామా ఇచ్చి ఇన్సూరెన్సు అమ్ముకోవడానికి పక్క జిల్లా వెళ్ళిపోయాడు. ఆ గదీ, ఆ కొట్టమూ లిబ్బీకి వచ్చాయి.

వచ్చినా ఆమె వదల్లేదు. ప్రతి మార్చిలోనూ ఆయనకి ఒక కార్డు పంపేది: "మా పందుల పోటీకి న్యాయనిర్ణేతగా దయచేయండి. పందుల్ని కడిగి ఉంచుతాం." ముప్ఫై ఏళ్ళు పంపింది. ఆయన చనిపోయిన ఏడు కూడా పంపింది, చిరునామా మార్చి, సమాధుల తోటకి. నన్నడిగితే అది కాస్త ఎక్కువే. ఆమెనడిగితే పోస్టాఫీసువాళ్ళు దాన్ని చేర్చారా లేదా అన్నదే ప్రశ్న.

ఇదంతా కాగితం మీద పెట్టి, మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో ఆమెకి చదివి వినిపించాను. రిటైరయింది, జుట్టు నెరిసింది. చివరిదాకా కదలకుండా విని, కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది.

"అబద్ధం" అంది. "మొదటి మాట నుంచి చివరి మాట దాకా. ఆ రోజు పందులు ఎనిమిది. వోండ్రా సార్ దేవుడిలాంటి మనిషి, నా కాగితం మీద సంతకం ఆయనే పెట్టారు. నేను జన్మలో ఎవరికీ కార్డు పంపలేదు. అసలు ఆ శనివారం నేను ఊళ్ళోనే లేను బాబాయ్, మా అత్త పెళ్ళికి వెళ్ళాను."