ఆలస్యంగా నడుస్తున్న పైడికంటె

చనిపోయినవాళ్ల గురించి కూడా "ఆలస్యంగా నడుస్తున్నారు" అని చెప్పే మనిషి మల్కాజ్‌గిరి మొత్తానికి ఒక్కడే. పేరు జీవరాజు. ముప్పయ్యొక్క ఏళ్లు రైల్వేలో అనౌన్సరుగా చేసి రిటైరయ్యాడు. రైళ్లను ఆయన వదిలేశాడు గానీ, గొంతు ఆయన్ను వదల్లేదు. ఆ గొంతుకు కోపం లేదు, సంబరం లేదు. పాల ప్యాకెట్ అడిగినా, ప్రళయం వచ్చిందని చెప్పినా ఒకటే తీరు.

పక్కింట్లో పర్వతాలు అనే పెద్దాయన పోయినప్పుడు, ఆ పెద్దాయన భార్య విజయమ్మను పలకరించడానికి జీవరాజు వెళ్లాడు. అందరూ ఏడుస్తున్నారు. ఈయన గుమ్మంలో నిలబడి, "అన్న యాడికి పోలేదమ్మా. జెర లేటైతుండు, అంతే" అన్నాడు.

ఏడుపు టక్కున ఆగింది. పదిహేను తలలు ఒక్కసారి వీధి వైపు తిరిగాయి.

ఆనాటి నుంచి విజయమ్మ సాయంత్రం గడియ పెట్టేముందు వీధిలోకి ఒకసారి తొంగి చూస్తుంది. ఎవరూ లేరన్న నమ్మకం కోసమో, ఉన్నారేమోనన్న ఆశతోనో ఆమెకే తెలియదు.

ఇది చాలదన్నట్టు డాబా మీద మైకు కూడా పెట్టాడు. ఎండకు వీధి కళ్లు మూసుకునే మూడు గంటల వేళ, ఎక్కడినుంచో తెలియనట్టు ఆ గొంతు దిగేది.

"దయచేసి వినండి. అడవి పైడికంటె... నిరవధికంగా ఆలస్యంగా నడుస్తోంది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఆపైన ఫోన్‌లోంచి ఆ చిన్న గుడ్లగూబ కూత వినిపించేవాడు. బావిలోంచి ఎవరో పిలిచినట్టుండే ఆ కూతకు వీధి కుక్కలు తోకలు ముడిచేవి. కూత అయ్యాక మైకు కట్టేసి, చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని జవాబు కోసం చూసేవాడు. ఒక్కోసారి ఎవరింట్లోనో కుక్కర్ జవాబిచ్చేది.

ఎదురింట్లో అమ్మమ్మ ఖమర్ బీతో ఉండే షీబాకు మోండా మార్కెట్‌లో గాజుల దుకాణంలో పని. సెలవున్న ఒక శుక్రవారం ఈ పిలుపు వినలేక మెట్లెక్కింది.

"అంకుల్, గుడ్లగూబను ఇంటికి పిలుసుడేంది? గల్లీ అంత పరేషానైతుంది!"

"గుడ్లగూబలల్ల చిన్నది బిడ్డా. పగటిపూటనే తిరుగుతది, దొంగ కాదు. 1884ల ఆఖరుసారి దొరికింది. తర్వాత ఖతమన్నరు. 1997ల మహారాష్ట్ర అడవిల చెట్టు మీద కూసోని, వీళ్లేంది ఇంత ఆలస్యంగొచ్చిన్రు అన్నట్టు చూసింది. నూట పదమూడేళ్లు లేటు!"

"ఇప్పుడు మస్తున్నయా?"

"వెయ్యిలోపే అంటరు. అడవి నరుకుతున్నరు. అపశకునమని ఒకడు, మంత్రానికని ఇంకొకడు చంపుతరు. దాని స్టేటస్ ఏందంటే, అంతరించే ముప్పు."

"మరి మల్కాజ్‌గిరిల ఉంటదా?"

"ఉన్నదని ఎవ్వరు రాయలే. వెతికినోడు సుత ఎవ్వడు లేడు."

షీబా దండం పెట్టి దిగిపోయింది.

ఆ నెలలోనే ఖమర్ బీ కళ్లకు శుక్లాలు ముదిరాయని, ఆపరేషన్ వెంటనే చేయకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రి కౌంటర్‌లో సర్కారు ఉచిత వైద్యం కార్డు ఇస్తే, అక్కడి అమ్మాయి తెరను చూసింది, ఖమర్ బీని చూసింది, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"స్టేటస్ ప్రాబ్లం ఉంది. ఈమె పోయినేడాది చనిపోయిన్రు."

"ఎప్పుడు?" అంది ఖమర్ బీ. "నాకెవరు చెప్పలే."

షీబా నవ్వింది. ఇంటికొచ్చాక ఆ నవ్వు నిలవలేదు. ఖమర్ బీ తిండి తగ్గించింది. అద్దం దగ్గర నిలబడి చేత్తో మొహం తడుముకునేది.

"కండ్ల ముంగట అంత తెల్లగుంది, షీబా. మనుషులు పొగ లెక్క వస్తరు, పొగ లెక్క పోతరు. కంప్యూటర్‌కు ముందుగాల తెలిసిందేమో. నిజంగనే పోయిన్నా ఏంది?"

"నానీ! ఉల్లిగడ్డ కోస్తున్నవు నువ్వు!"

"పోయినోళ్లు కొయ్యరని ఎవరు చూసిన్రు?"

షీబా ఆ కార్డులు చూసే సర్కారు ఆఫీసు చుట్టూ తిరిగింది. మూడో కిటికీలో రాఘవేందర్ అనే గుమస్తా ఉండేవాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కనీసం తిట్టుకోవడానికి వీలుండేది.

"బతికున్నట్టు సర్టిఫికెట్ తేవాలమ్మా."

"ఎవరిస్తరు సార్?"

"మేమే ఇస్తం. దరఖాస్తు పెట్టాలె."

"పెడ్తున్నగద!"

"చనిపోయినోళ్ల పేరు మీద దరఖాస్తు కంప్యూటర్ తీస్కోదు."

ఎదురుగా ఊపిరి తీస్తున్న మనిషి కంటే మనవాళ్లకు తెర మీది అక్షరం మీదే గురి. పేదవాళ్లను బతికుండగానే మాయం చేయడానికి మంత్రగాడు అక్కర్లేదు, ఒక తప్పు మీట నొక్కితే చాలు.

సంగతి విన్న జీవరాజు అదే గొంతుతో అడిగాడు. "ఖమర్ ఆపా లేదని రాసినోళ్లు యాడ వెతికిన్రంట? ఎన్నిసార్లు వెతికిన్రంట? కండ్లతోని చూసిందెవరంట?"

"అంకుల్, ఆమె పిట్ట కాదు!"

"పది రోజులాగు బిడ్డా. యాప్రాల్ దిక్కు పైడికంటె సర్వే ఉన్నది నాకు."

షీబా ఒళ్లు మండిపోయింది. ఇక్కడ మనిషి చూపు పోతుంటే ఈయనకు గుడ్లగూబ ముఖ్యమా? రోజూ పొద్దున్నే మెడలో దుర్బీను, చంకలో కాగితాలతో బస్సెక్కుతున్న ఆయన్ను చూసి మొహం తిప్పుకుంది. పదో రోజు ఆయనే తలుపు కొట్టి, "రేపు పదకొండింటికి ఆపాను ఆఫీసుకు తీస్కరా" అన్నాడు.

ఆఫీసు గది పొడుగ్గా, గుహలా ఉంది. బెంచీల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. జీవరాజు ఎవరికీ కనిపించకుండా స్తంభం వెనక నిలబడ్డాడు. మైకు లేదు. అవసరమూ పడలేదు.

"దయచేసి వినండి. చనిపోయినట్టుగా నమోదైన ఖమర్ బీ, మల్కాజ్‌గిరి... మూడో కిటికీ వద్దకు వచ్చి ఉన్నారు."

మాటలన్నీ ఆగిపోయాయి. ఫ్యాను కిర్రుమంటోంది.

"చనిపోయినట్టుగా నమోదైన ఇంద్రజ, యాప్రాల్..."

వెనక బెంచీలోంచి తెల్ల చీర లేచింది.

"చనిపోయినట్టుగా నమోదైన హుస్సేన్..."

మూలన చేతికర్ర టక్కుమంది. మళ్లీ టక్కుమంది. దగ్గరికొస్తోంది.

పదకొండు పేర్లు. పదకొండుమందీ చప్పుడు చేయకుండా కిటికీ ముందుకొచ్చి నిలబడ్డారు. బతికున్నట్టు నమోదైనవాళ్లందరూ గోడలకు అతుక్కుపోయారు. రాఘవేందర్ టీ గ్లాసు నోటికీ బల్లకీ నడుమ ఆగిపోయింది. షీబా పక్కనున్న పెద్దమనిషి తన చేతిని తానే గిల్లుకుని, నొప్పి పుట్టాక కుదుటపడ్డాడు.

అప్పుడు జీవరాజు స్తంభం వెనక నుంచి వచ్చి కిటికీలోంచి పదకొండు కాగితాలు తోశాడు. అన్నీ పిట్టల సర్వే ఫారాలు. రాఘవేందర్ పైదాన్ని అందరికీ వినపడేలా చదివాడు.

"పేరు: ఇంద్రజ. చూసిన చోటు: యాప్రాల్, రేకుల ఇల్లు. స్వయంగా చూశారా: అవును, మూడుసార్లు. కూత: దగ్గు. ప్రవర్తన: నన్ను తిట్టింది. ముప్పు: ఈ ఆఫీసు."

ఎవరో కిసుక్కుమన్నారు. గదంతా నవ్వింది. 'చనిపోయినవాళ్లు' అందరికంటే గట్టిగా నవ్వారు.

షీబా ఇంద్రజను మెల్లగా అడిగింది. "అంకుల్ మీ ఇంటికొచ్చిండా?"

"పది రోజుల సంది మా అసొంటోళ్ల కోసం ఇల్లిల్లు తిరుగుతుండు బిడ్డా. నన్నడిగి హుస్సేన్ భాయ్‌ను పట్టిండు, ఆయన్నడిగి ఇంకొకర్ని. మా కుక్క కరిచింది సుత. సూదేయించుకొని మల్ల తెల్లారొచ్చిండు."

షీబా జీవరాజు వైపు తిరిగింది. ఆయన ఆఖరి ఫారంలో ఒక అక్షరం దిద్దుతున్నాడు.

నవ్వులు విని లోపలి నుంచి పెద్దాఫీసరు వచ్చాడు. పదకొండుమందినీ తన కళ్లతో లెక్కపెట్టుకోక తప్పలేదు. సాయంత్రానికి ఖమర్ బీ 'పునఃపరిశీలన'లోకి, రెండు వారాలకు 'సజీవం'లోకి వచ్చింది. మూడో వారంలో ఆపరేషన్ అయింది.

కట్టు విప్పిన రోజు ఖమర్ బీ ముందు మనవరాలిని చూసి, "బక్కగైనవు" అంది. తర్వాత గుమ్మంలో నారింజపండ్ల సంచి పట్టుకుని నిలబడ్డ ఐదడుగుల సన్నపాటి మనిషిని ఎగాదిగా చూసింది.

"ఎవరు నువ్వు?"

"జీవరాజును ఆపా."

"ఝూఠ్! ఆ గొంతు మనిషి తలుపు పట్టనంత ఉంటడు. నిజం చెప్పు భాయ్, జీవరాజు నీకేమైతడు?"

జీవరాజుకు నవ్వొచ్చింది. ముప్పయ్యొక్క ఏళ్ల సర్వీసులో ఎవరూ వినని ఆ నవ్వు ఎంత సన్నగా, కిచకిచమంటూ ఉందంటే, ఏ పిట్టా అని షీబా కిటికీలోంచి బయటికి చూసింది.