అందరిదీ ఒకే నడుము

మా నాన్న దర్జీ. నాలుగువందల మంది కొలతలు మా కొట్టు వెబ్‌సైట్లోకి ఎక్కించాక, వాటిని తనే దిద్దుకుంటానని, డేటాబేస్‌ని మార్చే ఎస్‌క్యూఎల్ భాష నేర్పమని నా ప్రాణం తీశాడు. అప్‌డేట్ రాసినప్పుడు ఎవరిదో చెప్పే 'వేర్' షరతు మరవొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

మొన్న బ్యాంకు మేనేజరు నడుము రెండంగుళాలు పెరిగి ముప్పైఆరైంది. నాన్న అప్‌డేట్ రాశాడు, షరతు మరిచాడు. ఎంటర్ నొక్కగానే నాలుగువందల నడుములూ ముప్పైఆరయ్యాయి.

నేను తల పట్టుకున్నాను. నాన్న మాత్రం పడీపడీ నవ్వాడు. "నలభై ఏళ్లుగా నా కల ఇదేనే. అందరికీ ఒకే కొలత."

అదృష్టం బాగుండి ముందురోజు తీసిన నకలు ఉంది. పాత కొలతలు వెనక్కి తెచ్చే ఆదేశం నాన్న టైపు చేస్తుంటే, కాజాలు కుడుతున్న అమ్మ తలెత్తింది. అమ్మ నడుము నలభై దాటి చాలాకాలమైంది.

"ఇప్పుడు నాదీ ముప్పైఆరేనా?"

"నీదీ అంతే."

"అయితే నాది కదపకండి."

నాన్న ఈసారి షరతు మరవలేదు. మేనేజరూ అమ్మా తప్ప అందరి నడుములూ పాత కొలతకి వెళ్లిపోయాయి.

అమ్మ బట్టలు మాత్రం ఆయన కంప్యూటరు చూడకుండానే కుడతాడు.