మోగడం ఎవరి పని?

ఉజ్వల గాయ్‌ధనే ఉదయం కుర్చీలో కూర్చునేసరికి ఆరో వార్డు గంట ఫిర్యాదు తెర మీద ఆకుపచ్చగా ఉంది. అంటే మరమ్మతు నిన్ననే పూర్తయిందని. అయినా ఆ వార్డులోనే, నిన్న రాత్రి, పిలుపు గంట నొక్కి నొక్కి ఎవరూ రాకపోతే కుసుంబాయి అనే రోగి తనే లేవబోయి కింద పడింది. మణికట్టు విరిగింది.

నాగ్‌పూర్‌లోని ఆ పెద్దాసుపత్రిలో ఏది చెడినా కబురు ఉజ్వల డెస్కుకే వస్తుంది. ఆమె ఆ పనిని ముక్కలు చేసి విభాగాలకు పంచుతుంది. అందరూ తమ ముక్క అయిందంటే ఫిర్యాదు దానంతటదే మూసుకుంటుంది. గంట విషయంలో మూడు విభాగాలవాళ్ళూ అయిందన్నారు.

ఉజ్వల కరెంటు విభాగంలోని లాంజేవార్‌కు ఫోన్ చేసింది. అక్కడ అక్కను తాయీ అని, అన్నను భావూ అని పిలుస్తారు.

"కరెంటు బ్రహ్మాండంగా వస్తోంది తాయీ. నేనే చూశా."

"గంట మోగిందా భావూ?"

"మోగడం మా పని కాదు కదా!"

కంప్యూటర్లు చూసే కోహళే, నర్సు గదిలో పిలుపులు చూపే తన బోర్డు వెలుగుతోందన్నాడు. గోడల పని చూసే ఢోబళే గోడ గట్టిగానే ఉందన్నాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఉజ్వలకు ఒళ్ళు మండింది అందుకే. అబద్ధమైతే పట్టుకుని నిలదీయొచ్చు.

మేనేజరు రాహాటేకు చెప్పింది.

"కొత్త ఫిర్యాదు తెరువు. పాతది కదిపితే గడువు దాటిందని ఎర్రబడుతుంది. మీటింగులో నా పరువేం కాను?"

"ఆవిడ చెయ్యి విరిగింది సాహెబ్."

"దానికి ఎముకల వార్డుంది."

ఉజ్వల తన సీటుకొచ్చి పాత ఫిర్యాదే తిరిగి తెరిచింది. మూడు పనుల కింద నాలుగోది చేర్చింది: గంట మోగగా చెవులతో వినాలి. పక్కన తన పేరు పెట్టుకుంది. ఇక ఆమె విన్నానంటే తప్ప అది మూతపడదు. తెర ఎర్రబడింది. ఎర్రబడ్డ ప్రతిదీ డైరెక్టరు ఫోనుకు పోతుంది. మధ్యాహ్నానికల్లా ముగ్గురూ ఉజ్వలతో పాటు కుసుంబాయి మంచం దగ్గరున్నారు.

కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆమె వాళ్ళను ఎగాదిగా చూసింది. "రాత్రి ఒక్కడూ దిక్కులేడు. ఇప్పుడేమో పెళ్ళిచూపులకొచ్చినట్టు వచ్చారు."

స్విచ్చు నుంచి గోడలోని పెట్టెకు పోయే జానెడు తీగ దగ్గర పేచీ వచ్చింది.

"పెట్టె దాకా కరెంటు తేవడమే నా పని," అన్నాడు లాంజేవార్.

"బోర్డు నుంచి పెట్టె దాకా నాది. ఇవతలిది కాదు," అన్నాడు కోహళే.

"గోడ పగలగొట్టమంటే పగలగొడతా. తీగ ముట్టను," అన్నాడు ఢోబళే.

"మరి ఈ జానెడు ఎవరిదిరా? కుసుంబాయి పుట్టింటివాళ్ళు పెట్టారా?" ఉజ్వల గొంతు వార్డు చివరిదాకా వినిపించింది. "ఇది మోగేదాకా ఒక్కరూ కదలడానికి లేదు. నేనూ కదలను."

ఢోబళే ఉలి తీశాడు. లోపల తీగ చెమ్మకు చిలుమెక్కి తెగిపోయి ఉంది. లాంజేవార్ కొత్తది లాగాడు. కోహళే కొస కలిపాడు. కుసుంబాయి ఎడమచేత్తో నొక్కింది. గంట మోగింది. అవతలి గదిలోంచి నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఇక అయినట్టేగా తాయీ?" లాంజేవార్ చేతులు దులుపుకున్నాడు.

ఉజ్వల పక్క మంచం స్విచ్చు నొక్కింది. చప్పుడు లేదు. దాని పక్కదీ అంతే. చేతిలో ఫోన్ మీద రాహాటే పేరు వెలుగుతోంది. ఎత్తలేదు. కుసుంబాయిది కాక ఆ గోడకు పదకొండు మంచాలున్నాయి. మిగతావాటి స్విచ్చులూ వరసగా నొక్కింది. పదకొండులో ఏడు మోగలేదు.