మంచం కింద ద్రాక్ష జాడీ

పొద్దున్నుంచి యలహంకలో ముసురు. క్రిస్మస్‌కని లోపలి గోడలకు సున్నం వేస్తున్నాను. నర్సుగా పనిచేసే మా ఆవిడకు గల్ఫ్‌లో ఉద్యోగం ఖాయమైంది. పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబుల్ వచ్చి, కాగితాలు చూస్తూ మంచం కింద పులుస్తున్న ద్రాక్ష జాడీని పసిగట్టాడు.

"లైసెన్సు లేకుండా ఇంట్లో మందు చేస్తే కేసమ్మా. కేసుంటే పాస్‌పోర్టు రాదు."

"మందు కాదప్పా, పండగ వైను," అంది మా ఆవిడ భయంగా.

ఆయన మూత తీసి వాసన చూశాడు. "గోదుమలు ఏసినట్టు లేదే? ఇట్లయితే ఘాటెక్కదు."

"మీకెట్ల తెలుసప్పా?"

ఆయన జాడీకి మూత పెట్టి, విచారణ కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆయనకు చట్టం ఎంత తెలుసో చెప్పలేను. జాడీకి ఎన్ని గోధుమలు వేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

నాలుగింటికి కానిస్టేబుల్ వెళ్ళాడు. నాలుగుంబావుకు మా ఆవిడ గోధుమలకు అంగడికి వెళ్ళింది.