రాబోయే కాలపు అక్షరం

రాకెట్టు మేస్త్రీకి ఒక్కటే పిచ్చి. ఏ కొట్టుకు బోర్డు చేసినా ఒకే రకం అక్షరాలు పెట్టేవాడు. ఒక్కోటీ సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చున్నంత వెడల్పు. గీతలన్నీ స్కేలు పెట్టినవి, వంపులన్నీ గిన్నె బోర్లించి గీసినవి. మెలిక లేదు, తోక లేదు. రాకెట్టు మీద ఉండాల్సిన అక్షరాలను బేకరీ మీద పెడితే వీధి ఊరుకుంటుందా? ఆ పేరు పెట్టేసింది.

పళ్ల డాక్టరు బోర్డు చూసి ఒకాయన లోపలికెళ్లి, "చంద్రుడి మీదికి టికెట్లు ఇక్కడేనా?" అని అడిగాడట. దర్జీ పేరు గోడకు చాలక చివరి రెండక్షరాలు సందులోకి తిరిగాయి.

"పేరు చదవడానికి జనం మలుపు తిరగాలా?" అని దర్జీ లబోదిబోమన్నాడు.

"తిరిగితే నీ రెండో గుమ్మం కూడా చూస్తారు" అన్నాడు మేస్త్రీ.

ఈ వెడల్పంతా చెక్కలోంచి చేతిరంపంతో కోయాల్సినవాడు ఆయన బావమరిది. ఆరేళ్లుగా అదే గీత, అదే వంపు. పొద్దున్నే రంపం చూస్తేనే నీరసం వచ్చేది పాపం.

"బావా, ఒక్కసారి మెలికల అక్షరాలు చేద్దాం."

"రాబోయే కాలం అక్షరం ఇదేరా."

"ఆరేళ్లైంది. ఇంకా రాదేం ఆ కాలం?"

"దారిలో ఉంది."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఏం చెప్తాం?

అసలే పనుల్లేక కొట్టు మూతపడేలా ఉన్న రోజుల్లో హోటలు యజమాని వచ్చాడు. గేటు బోర్డు నుంచి గది నంబర్ల దాకా అన్నీ కావాలి. అక్షరాలు తీగలు అల్లుకున్నట్టుండాలి. మేస్త్రీ నమూనా చూపగానే ఆయన మొహం మాడిపోయింది.

"నాది హోటలయ్యా, అంతరిక్ష కేంద్రం కాదు! రేపొస్తాను. తీగలుంటే సరే, లేదంటే వేరే కొట్టు చూసుకుంటా."

"ఈ పని పోతే కొట్టు మూసుకోవాలి బావా!"

"మూసేశామన్న బోర్డు కూడా ఇదే అక్షరంతో పెడదాం" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు బావకన్నా ముందే వచ్చి, బావమరిది తీగ అక్షరం తానే గీసుకుని రంపం పట్టాడు. మొదటి మెలిక దగ్గర మణికట్టు తిరగలేదు. బ్లేడు పటుక్కున విరిగింది. ఇంకో బ్లేడు వేశాడు. అదీ విరిగింది. మూడోదీ అంతే.

ఆరేళ్ల కిందట నిచ్చెన మీంచి పడి విరిగిన మణికట్టు అది. నొప్పి తగ్గింది కనుక బాగైపోయిందనుకున్నాడు. కోస్తున్నవన్నీ గీతలూ, గిన్నె వంపులూ అయినప్పుడు తేడా తెలిసేదెలా?

గోడ మీద పాత ఫొటోల వైపు చూశాడు. అన్నీ బావ గీసిన మెలికలే, ఎంత అందంగా ఉన్నాయో! చివరి మెలికల బోర్డు బిగిస్తూనే తాను నిచ్చెన మీంచి పడ్డాడు. కట్టు విప్పిన వారమే వచ్చింది మొదటి రాకెట్టు అక్షరం. విరిగిన బ్లేడ్లు జేబులో దాచేశాడు.

మేస్త్రీ, ఆయన వెనకాలే హోటలాయన వచ్చారు.

"తీగలేవి?"

బావమరిది అడ్డం వచ్చాడు. "మెలికలకు కాలం చెల్లింది సార్! ప్రయాణం చేసి అలసిపోయి వచ్చినవాడు వసారా చివర్నుంచి తన గది నంబరు చదవగలగాలా, వద్దా?"

హోటలాయన నమూనాను దూరం నుంచి ఒకసారి, ఇంకా దూరం నుంచి ఒకసారి చూశాడు. "సరే, గది నంబర్లు మీరు చేయండి. గేటు మాత్రం ఇంకెవరికైనా ఇస్తాను" అని వెళ్లాడు. కొట్టు నిలబడటానికి అది చాలు.

మేస్త్రీ బావమరిదిని అనుమానంగా చూశాడు. "ఏరా, వచ్చేసిందా ఆ కాలం?"

"దారిలో ఉంది బావా" అని అతను రంపం అందుకున్నాడు. "ఈసారి ఇంకాస్త వెడల్పుగా గియ్యి."