నైరుతి బరువు

నన్ను కన్న మా అవ్వ నలభై ఏళ్లు మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టింది. నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, దుమ్ము లేని చోట ఉంచకపోతే మందులతో లాభం లేదని కరీంనగర్ డాక్టరు చెప్పాడు. ఆమె కోసమే సుల్తానాబాద్ శివార్లలో ప్లాటు చూశాం.

చూడటంలో నేనేం తక్కువ చెయ్యలేదు. లింకు కాగితాలు వకీలుకు చూపించాను, తాకట్టులేమీ లేవని ఈసీ తీయించాను, చెరువు శిఖం భూమిలోకి రాదని నక్షా తెప్పించుకున్నాను. ఆపైన వాస్తు పంతులును వెంటబెట్టుకుని, మంచిరోజు చూసుకుని శ్రావణంలో పోయాం. చుట్టూ అప్పుడే నాట్లేసిన పొలాలు, చల్లటి గాలి. నైరుతి దిక్కున ఒక బియ్యం మిల్లు, దాని పొడవాటి పొగ గొట్టం. ఆ రోజు మిల్లు నడవడం లేదు. పంతులు దిక్సూచి పట్టుకుని గొట్టం వైపు చూసి మురిసిపోయాడు.

"నైరుతి ఎంత ఎత్తుంటె గంత మంచిది సార్. మీరు కడ్దామన్నా కట్టలేరు, దేవుడే కట్టి పెట్టిండు. మీ అమ్మగారి అర్ర గా మూలకే పెట్టుండ్రి."

కట్టింది దేవుడు కాదు, మిల్లు యజమాని. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు, చదువుకున్న గాడిదను కదా.

నా భార్యకు మాత్రం ఒకటి కనబడింది. పక్కింటి వాకిట్లో ఎండ కాస్తోంది, దండెం ఖాళీగా ఉంది. తడిబట్టలన్నీ ఇంటి లోపల తాడు మీద వేలాడుతున్నాయి.

"గింత ఎండ పెట్టుకొని బట్టలు లోపటెందుకు ఆరేసిండ్రు? జర అడుగుండ్రి" అంది.

"ఒకరింట్ల బట్టల ముచ్చట నాకెందుకు?" అని కసిరాను.

ఇల్లు కట్టి, అవ్వను నైరుతి గదిలోకి తెచ్చాం. కొన్నాళ్లు బాగానే నిద్రపోయింది. ఎండాకాలం యాసంగి వడ్లు రాగానే మిల్లు మొదలైంది. వడ్లు ఉడకబెట్టడానికి ఊక తగలబెడతారు. గాలి అటు నుంచే వీస్తుంది. మొదట పెరుగు గిన్నెలో నల్లటి నలుసులు కనిపించాయి, తర్వాత తలగడల మీద, ఆ తర్వాత అవ్వ కళ్లెలో. కిటికీ మూస్తే ఉక్కపోత, తెరిస్తే బూడిద.

మిల్లుకు పోయి అడిగాను. గుమాస్తా కోపం కూడా తెచ్చుకోలేదు.

"మీకంటె ముందుగాల్నుంచి ఉన్నది సార్ మిల్లు. గింత పెద్ద గొట్టం అవుపడలేదా?"

అవుపడింది. చూసి సంతోషపడ్డాను కూడా. కాలుష్య నియంత్రణ మండలివాళ్లకు దరఖాస్తులు పెట్టాను. తనిఖీకి వాళ్లొచ్చిన రోజు మిల్లు బంద్ ఉంది. రెండోసారీ అంతే. ఇక తిరిగే ఓపిక లేకపోయింది.

ఒకరోజు అవ్వ మంచం మీద కూర్చుని, దుప్పటి మీది మసిని వేలితో తీసి చూసుకుంది. "గక్కడి దుమ్మన్న తెల్లగుంటుండె కొడుకా" అంది. తిట్టినా బాగుండేది.

చేతిలో ఉన్నదంతా ఇంటికే పోశాం కాబట్టి, అది అమ్మి, మిల్లుకు దూరంగా ఎక్కడైనా అద్దెకు ఉందామనుకున్నాం. ఏడాదిగా అడిగినవాడు లేడు. మొన్న శ్రావణంలో ఒక జంట వచ్చింది. మిల్లు ఆగి ఉంది, పొలాలు పచ్చగా ఉన్నాయి. ఆయన గోడలు తట్టి చూశాడు, బోరు నీళ్లు తాగి చూశాడు, గొట్టం వైపు చూసి "నైరుతి మంచిగున్నది" అన్నాడు. నేను నోరు మెదపలేదు. బేరం కుదిరితే అవ్వ వారంలో బయటపడుతుంది.

ఆయన భార్య హాల్లో ఆగిపోయింది. మా బట్టలన్నీ లోపలే ఆరేసి ఉన్నాయి. అలవాటైపోయి, మిల్లు ఆగిన రోజుల్లోనూ మేము బయట ఆరేయడం లేదు.

"బట్టలు లోపటేసిండ్రేందన్నా?" అని నన్నే అడిగింది.

నా భార్య నా ముఖంలోకి చూసింది. చెప్పొద్దన్నట్టే ఉంది ఆ చూపు. అబద్ధం నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ ఆ అమ్మాయి అడిగింది. నేను ఆనాడు అడగలేదు.

"బూడిద పడ్తదమ్మా" అన్నాను.

వాళ్లు పోయారు. నా భార్య వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. లోపలి నుంచి అవ్వ దగ్గుతూ పిలిచింది.

"ఎవలొచ్చిండ్రు కొడుకా?"

"ఎవ్వలు రాలే అవ్వా" అన్నాను.