తోక దగ్గరి చిన్న రెక్క

ఆర్విల్ తెల్లారేసరికి డ్యాం కింద మోకాలి లోతు చన్నీళ్లలో ఉంటాడు. ఈకలతో తానే కట్టిన ఈగలాంటి ఎరను గాలానికి తగిలించి విసురుతాడు. చిక్కిన ప్రతి ట్రౌట్ చేప వీపునూ తోక దగ్గర బొటనవేలితో తడిమి, నిట్టూర్చి వదిలేస్తాడు. లారీలో తెచ్చి వదిలిన పెంపకం చేపలకు అక్కడి చిన్న రెక్క గుర్తుగా కత్తిరించి ఉంటుంది. ఈ డ్యాంకి కాంక్రీటు పోసినవాళ్లలో అతనొకడు. "ఏటిని చంపేశావు కదరా" అన్న తండ్రి, చచ్చేదాకా మళ్లీ అతనితో మాట్లాడలేదు.

ఇవాళ జానెడైనా లేని చేపపిల్ల చిక్కింది. తడిమాడు. రెక్క ఉంది. నమ్మలేక మళ్లీ తడిమాడు.

"అదేం వేపుడుకొస్తుందయ్యా, వదిలెయ్!" ఒడ్డు మీంచి భార్య లొరేన్ కేకేసింది.

"లారీలో రాలేదే ఇది! ఇక్కడే పుట్టింది!"

పిల్ల వేళ్ల మధ్య నుంచి జారి ఏటికి ఎదురీదింది. ఆర్విల్ ఆ నీళ్లలోనే చతికిలబడ్డాడు.

"ఏరు చావలేదు నాన్నా," అన్నాడు.